బోల్కో తలుపు పిడి

బాండుంగ్ సిమ్యులేటర్ క్లబ్బులో సుతేజకు మనిషిగా కనబడినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి ఆయన దాచుకున్నదీ లేదు. నెలకోసారి డాగో రోడ్డులో ఒక కాఫీ హోటల్ మేడమీద కలిసే ఆ పెద్దమనుషులంతా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని జకార్తా నుంచి సింగపూరుకు విమానాలు నడిపేవాళ్ళు. నడపడమంటే ఒక మీట నొక్కేసి, బతాగోర్ వేపుడు ముక్కలు నములుతూ, విమానం తనంతట తాను పోతుంటే చూస్తూ ఉండడం. కొందరైతే భుజాల మీద నాలుగు బంగారు చారలతో తెల్లచొక్కాలు కూడా కుట్టించుకున్నారు.

"బస్సులో కునికిపాట్లు పడేవాడు డ్రైవరు టోపీ పెట్టుకుంటాడా?" అని సుతేజ ఒకసారి అందరూ వినేలా అడిగాడు. ఎవరి చొక్కా వాళ్ళు సర్దుకున్నారు.

ఆయన పాలిటెక్నిక్‌లో డ్రాయింగు మాస్టారు. యాభై దాటినవాడు, బక్కపలచటివాడు. విద్యార్థులిచ్చిన కాగితాన్ని చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూసేవాడు. అలాంటి మనిషికి లోకంలో ఒక్క వస్తువు మీద మాత్రం గురి కుదిరింది. అది బోల్కో హెలికాప్టర్. జర్మనీవాళ్ళ నమూనాతో ఒకప్పుడు ఆ ఊళ్ళోనే తయారైన చిన్న హెలికాప్టర్ అది. తన చిన్నప్పుడు ఇంటి పెంకుల మీదుగా టకటకమంటూ పోయేది. ఇప్పుడు ఊరి చివర ఒక శిక్షణ పాఠశాల ఆవరణలో, గడ్డి మీద ఒకటి ఎండకూ వానకూ నిలబడి ఉంది. దాన్ని సిమ్యులేటర్‌లోకి ఎక్కించాలని సుతేజ పట్టుబట్టాడు. ఎవరో అమెరికావాడు చేసిన బోల్కో ఒకటి అప్పటికే ఉంది. అది చూసి సుతేజ, "ఇది హెలికాప్టర్ కాదు, గుడ్డుకు విసనకర్ర గుచ్చాడు" అన్నాడు.

శనివారాలు టేపు, కెమెరా పట్టుకుని వెళ్ళి దాని పొట్ట కింద వెల్లకిలా పడుకునేవాడు. రివెట్ల వరసలు లెక్కపెట్టేవాడు. వెనక తలుపులు ఆల్చిప్పలా రెండుగా తెరుచుకుంటాయి; ఆ బందులు ఎంతవరకు తిరుగుతాయో కొలిచేవాడు. ఇంటికొచ్చి ఆ కొలతలన్నీ కంప్యూటర్‌లో గీతలుగా, గీతలను రేకులుగా, రేకులను రంగులుగా మార్చేవాడు. ఆగి ఉన్నప్పుడు నెత్తిమీది రోటర్ రెక్కల కొసలు కాస్త వాలాలి, వేగం అందుకున్నప్పుడు కాస్త పైకి లేవాలి. ఆ "కాస్త" ఎంతో తేల్చడానికే ఒక వానాకాలం గడిచిపోయింది.

"ఇంటి కప్పు కారుతోందని మొత్తుకుంటున్నాను. దాని కింద కూడా ఒకసారి పడుకుని చూడకూడదూ, కాంగ్?" అంది భార్య నినింగ్. మొగుణ్ణయినా, వయసులో పెద్దవాణ్ణయినా అక్కడ కాంగ్ అనే పిలుస్తారు.

"కప్పుకు రోటరుందా?" అన్నాడాయన.

ఏళ్ళు గడిచాక మోడల్ పూర్తయింది. దాన్ని పూర్తి వివరాలతో ఆడించి చూడడానికి సుతేజ పాత కంప్యూటర్ చాలలేదు. ఊళ్ళో అంత శక్తిగల యంత్రం క్లబ్బు అధ్యక్షుడు రుస్తాండి దగ్గరే ఉంది. రుస్తాండికి జీన్స్ దుకాణాలున్నాయి, గుండ్రటి పొట్ట ఉంది, ఎదుటివాడు తన పేరే మరిచిపోయేలా మాట్లాడే నోరు ఉంది. ఇంట్లో చెక్కతో నిజం విమానంలాంటి కాక్‌పిట్ కట్టించుకుని, దాన్లో కూర్చోబోయేముందు యూనిఫారం వేసుకునే రకం. సుతేజ దృష్టిలో ఆ క్లబ్బులో అందరికన్నా పనికిమాలినవాడు అతనే. అయినా గత్యంతరం లేక మోడల్ కాపీ ఒకటి అతనికిచ్చి, "ఆడించి ఎలా ఉందో చెప్పు. మీటలన్నీ ఒకేసారి నొక్కకు" అన్నాడు.

రుస్తాండి ఎలా ఉందో చెప్పలేదు. కొన్నాళ్ళకు క్లబ్బు పేజీలో బోల్కో ప్రత్యక్షమైంది. ఒంటి మీద కొత్త రంగులు, తోక మీద క్లబ్బు గుర్తు. కింద "మన అధ్యక్షుడు రుస్తాండి ఏళ్ళ తపస్సు" అని రాసి ఉంది. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చట. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఆదివారం ఒక మాల్‌లో ప్రదర్శన పెట్టారు. సుతేజ వెళ్ళాడు. పెద్ద తెర మీద తన బోల్కో తిరుగుతోంది, పక్కన నాలుగు చారల రుస్తాండి మైకు పట్టుకుని నిలబడ్డాడు. సుతేజ గుంపులోంచి చెయ్యెత్తాడు.

"అధ్యక్షులవారూ, హెలికాప్టర్ నేల మీద ఆనే ఆ ఎడమ కాలి కమ్మీ చివర చిన్న వంపుంది. ఎందుకండీ?"

రుస్తాండి మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. వెంటనే సర్దుకుని, "చాలా మంచి ప్రశ్న! జర్మనీ ఇంజనీర్ల తెలివి అది. ముందుకు పోయేటప్పుడు గాలిని పక్కకు చీల్చడానికి" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు.

"గడ్డి కోసే బండి గుద్దింది. నేను కొలుస్తుంటే తోటమాలి చెప్పాడు" అన్నాడు సుతేజ.

"ఎవరీ ముసలాయన?" అని ఎవరో అడిగితే, క్లబ్బు మనిషి ఒకడు, "మా మాస్టారే. ఎవరు పైకొచ్చినా ఆయనకు కడుపుమంట" అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. సుతేజ బయటికొచ్చేశాడు. దొంగతనం కంటే ఆ చప్పట్లే ఆయనను ఎక్కువ మండించాయి. మోసం చేసేవాడు సరే, మోసపోయేవాళ్ళు కూడా ఇంత చవగ్గా మోసపోవాలా?

"పోయి నిలదీయండి. మూల ఫైళ్ళన్నీ మీ దగ్గరే ఉన్నాయిగా" అంది నినింగ్.

"ఎవరికి చూపించను? వంపు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళకా?" అని మంచమెక్కాడు. ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత ఏమైందంటే, సిమ్యులేటర్ కంపెనీవాళ్ళు తమ ప్రోగ్రాంకు కొత్త రూపం విడుదల చేశారు. దాంతో చాలా మోడళ్ళు తిక్కతిక్కగా ప్రవర్తించడం మొదలుపెట్టాయి. బోల్కో సంగతైతే చెప్పనక్కరలేదు. ఇంజను వేయగానే రోటర్ ఇక్కడ, రెక్కలు అల్లంత దూరాన గాల్లో. తలుపులు తెరిస్తే సీట్లు కూడా వాటితో పాటే బయటికొచ్చేవి. దేశమంతటా జనం బొమ్మలు తీసి పెట్టి పడీపడీ నవ్వారు. "అధ్యక్షా, ఎప్పుడు బాగుచేస్తారు?" అని రోజూ అడగడం మొదలుపెట్టారు. చేతిలో కాపీయే తప్ప, బాగుచేయడానికి కావలసిన మూల ఫైలు లేనివాడు ఏం చేస్తాడు? రుస్తాండి వచ్చే వారం అన్నాడు, ఆ పై వారం అన్నాడు, జ్వరమన్నాడు. చివరికి ఒక సాయంత్రం ఆవిరి బ్రౌనీల పెట్టె పట్టుకుని సుతేజ గుమ్మంలో నిలబడ్డాడు.

"కాంగ్ సుతేజ, తప్పయిపోయింది. నలుగురూ మెచ్చుకుంటుంటే నోరు ఆగలేదు."

"నీ నోరు ఎప్పుడాగిందని?"

"బాగుచేసి ఇవ్వండి. మీ పేరు కూడా వేస్తాను."

"కూడానా!" సుతేజ పకపకా నవ్వాడు. "చూశావా నినింగ్, నా ఇంట్లో నాకే చోటిస్తానంటున్నాడు."

నినింగ్ బ్రౌనీల పెట్టె లోపలికి తీసుకుపోయింది. ఆవిడకు బ్రౌనీల మీద ఏ కోపమూ లేదు.

సుతేజ రుస్తాండిని ఎగాదిగా చూశాడు. వాణ్ణి గెంటేస్తే పోతుంది. కానీ దేశమంతటా తెరల మీద తన బోల్కో రెక్కలు ఊడి వేలాడుతుందని తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది.

"ఎడమ వెనక తలుపు పిడి నువ్వు చెయ్యి. ఒక్క పిడి. నీ చేత్తో. అది నాకు నచ్చిన రోజు మిగతాది బాగుచేసి ఇస్తాను."

"పిడేగా!" అన్నాడు రుస్తాండి, మొహం విప్పార్చి.

మొదటి శనివారం తెచ్చిన పిడిని చూసి సుతేజ, "ఇది పిడా, సరిగా వేగని సిరెంగ్ వడా?" అన్నాడు. రెండోది చూసి, "నీ దుకాణంలో జీన్సుకు ఇలాంటి గుండీ కుడితే ఎవడైనా కొంటాడా?" అన్నాడు. మూడోది తెచ్చినప్పుడు ఏమీ అనకుండా తెర ఆర్పేశాడు. రుస్తాండికి అదే ఎక్కువ బాధేసింది. ఒకసారి విసిగిపోయి, "మీకు నన్ను ఏడిపించడమే కావాలి, పిడి కాదు!" అని అరిచి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం రాలేదు. పీడ పోయిందనుకున్నాడు సుతేజ. ఆ తర్వాతి శనివారం వచ్చాడు. ఖరీదైన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పచ్చగా గడ్డి మరకలు.

"అక్కడికి వెళ్ళాను, కాంగ్. అసలుదాన్ని చూద్దామని. పడుకుని చూశాను. ఒక సంగతి అర్థం కాలేదు. పిడి కింది అంచున మాత్రమే రంగు అరిగిపోయింది. పైన కొత్తగానే ఉంది. ఎందుకు?"

సుతేజ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించాడు. ఇన్నేళ్ళలో క్లబ్బులో ఒక్కడైనా తనను అడగదగిన ప్రశ్న అడగడం అదే మొదలు. అది ఈ పొట్టరాయుడి నోట రావడం ఆయనకు మింగుడుపడలేదు.

"బొటనవేలు అక్కడ పడుతుంది. లోపలికి నొక్కి తిప్పాలి. రోగుల్ని మోసే రోజుల్లో వెనకనుంచి స్ట్రెచర్ ఎక్కించే తొందరలో ఎంతమంది నొక్కారో" అన్నాడు పొడిగా. "కూర్చో. ఆ అరుగుదల రంగుతో ఎలా చూపించాలో చెప్తాను. చెప్పింది చెయ్యి, నీ తెలివి కలపకు."

ఇద్దరూ కూర్చున్నారు. నినింగ్ వేడివేడి అల్లం బంద్రెక్ గ్లాసులు తెచ్చి పెట్టింది. చల్లారిపోయినా ఎవరూ ముట్టుకోలేదు.

పిడి కుదిరింది. సుతేజ బోల్కోను బాగుచేసి ఇచ్చాడు. ఆ నెల కాఫీ హోటల్ మేడమీద రుస్తాండి లేచి నిలబడ్డాడు.

"ఈ హెలికాప్టర్ నేను చేయలేదు. కాంగ్ సుతేజ చేశారు. నేను అబద్ధం చెప్పాను. దీన్లో నేను చేసింది ఎడమ వెనక తలుపు పిడి ఒక్కటే." కాస్త ఆగి, ఛాతీ పొంగించి, "అది మాత్రం నేనే చేశాను. కింది అంచు చూడండి, అక్కడ రంగు అరిగి ఉంటుంది" అన్నాడు.

కొందరు కిసుక్కున నవ్వారు. కొందరు సిగ్గుతో కాఫీ కప్పుల్లోకి చూశారు. మాల్‌లో కడుపుమంట అన్నవాడు గబగబా లేచొచ్చి సుతేజ చెయ్యి పట్టుకుని, "మాకు ముందే అనుమానం వచ్చింది మాస్టారూ" అన్నాడు. సుతేజ ఆ చేతిని చచ్చిన ఎలుకను చూసినట్టు చూసి వదిలించుకున్నాడు. నాలుగు మాటలు మాట్లాడమని అందరూ బతిమాలారు.

"పిడి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది" అని చెప్పి కూర్చున్నాడు.

"అయితే మార్చేశారా?" అని ఇంట్లో నినింగ్ అడిగింది.

"మార్చాలి" అన్నాడు. మార్చలేదు.

వారం తిరక్కుండానే సురబయ నుంచి ఎవరో రాశాడు. మోడల్ అద్భుతమట, వెనక ఎడమ తలుపు తెరిస్తే మాత్రం పిడి చప్పుడు వినబడడం లేదట. సుతేజ ఆ ఉత్తరాన్ని రుస్తాండికి పంపి, కింద, "నీ పిడి మీద ఫిర్యాదు. చూసుకో" అని రాశాడు.

నిమిషం కాకుండా ఫోన్ మోగింది.

"కాంగ్, ఆ చప్పుడు ఇనుము మీద ఇనుము పడినట్టుంటుందా, లేక లోపల రబ్బరేదైనా ఉందా?"

"నన్నడుగుతావేం? వెళ్ళి తిప్పి విను" అని కసిరి, ఫోన్ పెట్టబోయి ఆగాడు. "పొద్దున్నే వెళ్ళు. మధ్యాహ్నమైతే ఆ గడ్డి బండి మోత. ఏమీ వినబడి చావదు."