మునిశామప్ప పెట్టిన సంతకం

గనిలో షిఫ్టు ముగించి పైకి వచ్చినాము. యూనియన్ ఆఫీసు బోర్డు మీద నోటీసు అంటించి ఉండాది. రేపు పొద్దున నుంచి ఎనభయ్యో లెవెల్లో పని మొదలంట. కింద మేనేజరు సంతకం. పక్కనే మా సెక్రెటరీ మునిశామప్ప సంతకం.

మూడు నెలల కింద ఆ లెవెల్లోనే బండ పేలి నలుగురు పోయినారు. పైబండకు ఆనికగా దుంగలు నిలబెట్టేదాకా అందులోకి ఎవుర్నీ దిగనియ్యనని మాటిచ్చి మునిశామప్ప ఎలక్షన్ గెలిచినాడు. పదైదు రోజులు కాలేదు. లోపల ఒక్క దుంగ పడలేదు.

దొరలు పోయి సర్కారు వస్తే గని మనదే అన్నారు. వచ్చింది. బండ మటుకు ఇంగా మా మీదనే పడతా ఉండాది.

మునిశామప్ప కోసం కార్మికుల ఇండ్ల లైన్లన్నీ తిరిగి ఓట్లు అడిగినోడు నా స్నేహితుడు అమృతరాజు. నోటీసు చూసి అట్నే వెళ్ళిపోయినాడు. ఊరిగాంలో వాళ్ళింటికి పోతే తలుపు మూసుకోని నేల మీద కూచోనుండాడు.

"పో గోవిందప్పా. మొగం చూపించలేను."

"సంతకం పెట్టింది నువ్వాప్పా?"

"పెట్టినోడికి ఓటెయ్యమన్నది నేనే కదా! సెలీనక్క ఇంటికి గూడా పోయినాను. ఆ బండ కింద మొగుడు పోయి మూడు నెలలు గూడా కాలేదు ఆయమ్మకు. మనోడే, నమ్మక్కా అన్నాను."

"నిన్నూ మోసం చేసినాడు."

"కాదు. నాతో మోసం చేయించినాడు."

పక్కన కూచున్నాను.

అంతలో సెలీనక్కే వచ్చింది. అమృతరాజు లేచి తల దించుకున్నాడు. "తిట్టక్కా."

"తిట్టేదానికి రాలేదు. రేపు ఆ లెవెల్లోకి ఎవురూ దిగకూడదు. అన్ని ఇండ్లూ నీకు తెలుసు. మళ్ళా పోదాం రా."

"ఏ మొగం పెట్టుకోని?"

"ఈ మొగంతోనే. తప్పైందని చెప్పు. నేనూ వస్తాను."

సాయంత్రమంతా తిరిగినాము. ఒకాయన మొగం మీదే తలుపేసినాడు. మా షిఫ్టులో పనిచేసే బచ్చప్ప అయితే ఎగతాళిగా అడిగినాడు: "ఈసారి ఎవుర్ని గెలిపించాలప్పా?"

అమృతరాజు చేతులు జోడించినాడు. "ఎవుర్నీ వద్దన్నా. నేను నమ్మి చెడినాను, మిమ్మల్నీ చెడిపినాను. పొద్దున షాఫ్టు కాడికి రా. దిగొద్దు. అంతే అడిగేది."

బచ్చప్ప బీడీ ముట్టించుకోని లోపలికి పోయినాడు.

పొద్దున గనిలోకి దిగే షాఫ్టు ముందర మూడొందల మంది నిలబడినాము. మునిశామప్ప మేనేజరు జీపులో వచ్చినాడు.

"భయమేమీ లేదప్పా! నేను చూసే సంతకం పెట్టినాను. దిగండి!"

సెలీనక్క ముందుకొచ్చింది. "అయితే మొదట నువ్వు దిగు."

మునిశామప్ప మేనేజరు వైపు చూసినాడు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. గుంపులో ఎవురో గట్టిగా నవ్వినారు.

"దిగప్పా! దిగు!" మూడొందల గొంతులు.

పోలీసులు వచ్చి అమృతరాజును వ్యాన్లోకి తోసినారు. లోపల్నుంచి అరిచినాడు: "మధ్యాహ్నం షిఫ్టోళ్ళకు చెప్పండి!"

సెలీనక్క అప్పటికే లైన్ల వైపు నడుస్తా ఉండాది. గంట కొట్టి, మమ్మల్ని కిందికి దించే కేజ్ తలుపు తెరిచినారు. బచ్చప్ప పోయి దాని ముందర అడ్డంగా కూచున్నాడు. పక్కన ఇంకొకరు. వాళ్ళ పక్కన నేను.