ముల్లు చివరిదాకా పోవాలె

1963 దసరాలోపు మా సమితిలో చేయవలసిన పనులు: కొత్త ట్రాక్టరు కడగాలె. పందిరి వేయాలె. నార్కట్‌పల్లి నుంచి దండలు తేవాలె. కలెక్టరు గారి కుర్చీకి తెల్లగుడ్డ వెతకాలె. నాగలిని పైకి లేపే ఆయిలు ఒత్తిడి ఎంతుందో చూపే గేజి ఎంచాలె.

గుడ్డకు నలుగురిని పెట్టారు, గేజికి నన్నొక్కణ్ణే. మా ఇంట్లో మొదటి బీఎస్సీని గనుక నాకు తెలుస్తుందనుకున్నారు. నాకు తెలియదు. డ్రైవరు బీరప్పకు తెలుసు. గొర్లకాపరుల ఇంట పుట్టి, సాగర్ డ్యాము పనుల్లో యంత్రాల దగ్గర ఆరేండ్లు ఉన్నవాడు. దసరా నాడు ట్రాక్టరు సక్కగ నడిస్తే అతని నౌకరి పర్మనెంటు అని ఆఫీసరు మాటిచ్చారు.

హైదరాబాదు నుంచి రెండు గేజీలు తెచ్చాను. ఒకదాని అంకెలు ఐదువేలదాకా, ఇంకోదానివి రెండువేలదాకా. బీరప్ప పెద్దదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఆఫీసరు అమరేందర్ గారు వచ్చారు.

“మన ఒత్తిడి ఎంత?”

“రెండువేలకు జర తక్కువ, సార్,” అన్నాడు బీరప్ప.

“అంటే గీ పెద్దదాంట్ల ముల్లు సగం గూడ పోదు. సర్కారు ట్రాక్టరుకు సగం బలమే ఉన్నదని కలెక్టరు సాబ్ అనుకోడా?”

“నాగలి యాడన్న తట్టుకుంటే ఒత్తిడి ఎక్కుతది, సార్,” అన్నాడు బీరప్ప. “మేకకు తాడు దాని బరువు జూసి కొనం. గుంజుడు జూసి కొంటం.”

“నీకు మేకలు తెలుసు బీరప్పా. నాకు మీటింగులు తెలుసు.”

బీరప్ప నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను. చిన్నదే బిగించారు.

దసరా నాడు గేజి అద్దానికి బొట్టు పెట్టి దండ వేశారు. ముల్లు కనబడాలని ఆఫీసరే దండ పక్కకు జరిపారు. చేనులో ఒక చాలు దున్ని, నాగలిని పైకి తీయడానికి బీరప్ప మీట లేపాడు. నాగలి భూమిలోని బండకు తట్టుకుంది. ముల్లు చివరిదాకా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒత్తిడి ఇంకా ఎక్కింది, ముల్లుకు పోను జాగా లేదు. గేజి పగిలి అద్దం పెంకు బీరప్ప కుడికంట్లో దిగింది. అది కూడా కార్యక్రమంలో భాగమనుకొని వెనక వరసవాళ్ళు మరికాసేపు చప్పట్లు కొట్టారు.

దవాఖానలో కన్ను దక్కలేదు. ‘డ్రైవరు మీట దురుసుగా లేపినందున’ అని ఆఫీసరు చెప్పారు, నేను రిపోర్టులో రాశాను. దస్తూరి బాగుందన్నారు. బీరప్ప నౌకరి పోయింది. తర్వాతి నెల ఐదువేల గేజి బిగించారు. దాన్ని ఆఫీసరే ఎంపిక చేశారని రికార్డులో ఉంది. అదీ నా రాతే.

బీరప్ప ఇప్పుడు అచ్చంపేట దిక్కు గొర్లు కాస్తున్నాడు. ఆఫీసు కాగితాల్లో తప్పు ఎవరిదన్న చోట అతని పేరు ఉంది. మీరు మాత్రం అతన్ని, సరైన గేజి చేతిలో పట్టుకొని నిలబడ్డ మనిషిగా యాది పెట్టుకోండి.