గొడుగుల బొమ్మ కొట్టిన దెబ్బ

ఆ ప్రకటనల ఆఫీసులో పొద్దున్నే రాగానే అందరూ చేసే మొదటి పని ఫ్రిజ్‌లో ఐసు ఉందో లేదో చూసుకోవడం. తర్వాత టీ. ఆ తర్వాత కంప్యూటర్లు తెరిచి, ఎక్కడెక్కడి ఆర్టిస్టులో తమ బొమ్మలూ అక్షరాలూ పెట్టుకునే వెబ్‌సైట్ల మీద పడేవాళ్లు.

చూసినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. చూసి, ముచ్చటపడి, పక్కన పెట్టేసి సొంతంగా గీసుకుంటే అసలే కాదు. ఓ రంగు కొట్టేస్తే చిన్న మొట్టికాయ పడుతుంది. మక్కీకి మక్కీ దించేస్తే మాత్రం తెరలోంచి ఓ చెయ్యి వచ్చి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. అందులో వింతేముంది? వానలో తిరిగితే తడవమూ? అక్షరాలు గీసే పెద్దమనిషిని అందరూ అక్షరాలన్నయ్య అంటారు. ఆయన ముందు పళ్లు రెండూ ఎవరిదో అక్షరమాల మొత్తం ఎత్తేసినప్పుడు రాలినవే. బొమ్మలు వేసే అమ్మాయికి బుగ్గలు ఎప్పుడూ వాచే ఉంటాయి కాబట్టి ఆమె బుగ్గలమ్మాయి.

దించమని చెప్పే డైరెక్టరు చెంపలు మాత్రం నున్నగా నిగనిగలాడేవి. ఆయన తన చేత్తో ఒక్క గీత గీసి ఎరగడు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, దెబ్బలు వీళ్లవి, గోడ మీద బహుమతులు ఆయనవి.

ఆ రోజు ఆయన బుగ్గలమ్మాయి బల్ల దగ్గరికి వచ్చాడు. నొప్పులకి రాసుకునే మందు ఒకటి కొత్తగా వస్తోంది. ఎవరో కుర్ర ఆర్టిస్టు వేసిన బొమ్మ చూపించి, "అచ్చం ఇలాగే ఉండాలి. సాయంత్రానికల్లా," అన్నాడు.

"సార్, ఇది నావల్ల కాదు. ఎడమ చెవి ఎలాగూ పోయింది. ఇంకో దెబ్బ పడితే కుడిదీ దక్కదన్నారు డాక్టరుగారు. మా పాప ఇప్పుడిప్పుడే మాటలు నేర్చుకుంటోంది."

"అయితే పోయిన చెవి అటు పెట్టి కూర్చో."

"ఎటు నుంచి వస్తుందో చెప్పి కొడుతుందా సార్ చెయ్యి?"

"నాకు బొమ్మ కావాలి. లేదా రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ ఎడమ చెవి పోయింది అంతకుముందెప్పుడో, గొడుగుల బొమ్మతో. రెయిన్‌కోట్ల కంపెనీకని దించింది దాన్ని. ఎంత అందమైన బొమ్మో, అంత బరువైన చెయ్యి. చెవిలోంచి రక్తం కారి కీబోర్డంతా జిగటయినా పని ఆపలేదు. ఆ ఏడాది డైరెక్టరుకి మళ్లీ బహుమతి వచ్చింది.

ఈసారి ఆమె ఆ వెబ్‌సైటు మూసేసింది. బాత్రూముకెళ్లి ముఖం కడుక్కుంటుంటే అద్దంలో తన మొహమే కనిపించింది: ఒరిగిన దవడ, కమిలిన బుగ్గ మీద అయిదు వేళ్లు. తిరిగొచ్చి దాన్నే గీసింది. లావుపాటి నల్లటి గీతలతో, దయాదాక్షిణ్యం లేకుండా గీసింది. ఎక్కడి నుంచీ ఏ చెయ్యీ రాలేదు.

డైరెక్టరు వచ్చి బొమ్మ చూశాడు. "లే," అన్నాడు. ఆమె కుర్చీలో తనే కూర్చున్నాడు.

"సార్, అది నా బొమ్మ," అందామె.

"నా ఆఫీసులో గీసింది నాది కాక మీ తాతదా?" అంటూ, బొమ్మ కింద మూలన తన పేరు కొట్టాడు.

తెరలోంచి వచ్చిన చెయ్యి సన్నగా ఉంది. మధ్యవేలి మీద పెన్ను ఒరుసుకుని కాయ కాసింది. బుగ్గలమ్మాయి దాన్ని చూసీ చూడగానే గుర్తుపట్టింది. తన చెయ్యే.

మొదటి దెబ్బకి కళ్లజోడు ఎగిరిపోయింది. రెండోదానికి ముక్కెముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. లేవబోతే జుట్టు పట్టుకుని మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టింది. ఓ పన్ను జారుకుంటూ పోయి ప్రింటరు కిందికి దూరింది. అక్షరాలన్నయ్య టీ గ్లాసులు పక్కకి జరిపాడు.

"ఆపమనమ్మా... నీ బొమ్మేగా... చంపేస్తోంది!" అని మూలిగాడు డైరెక్టరు.

దెబ్బదెబ్బకీ అరచెయ్యి వేడెక్కుతున్నా ఆమెకి హాయిగా ఉంది. ఇన్నాళ్ల నుంచీ తిన్నదంతా వడ్డీతో సహా తిరిగిపోతుంటే ఎవరికి మాత్రం ఉండదు? ఇంకొక్కటి పడనీ అనుకుంది. చెయ్యి వెనక్కి వెళ్లి, బలమంతా కూడదీసుకుని ఆయన చెవి మీద పడింది. అదే క్షణంలో ఆమె అరచెయ్యి నిప్పులో పెట్టినట్టు భగ్గుమంది. చూసుకుంటే ఎర్రగా కాలిపోయి ఉంది. వేళ్లు ముడుచుకోవడం లేదు.

"చాలు," అంది.

చెప్పిన మాట విని చెయ్యి తెరలోకి వెళ్లిపోయింది. నెత్తురు కారుతున్న డైరెక్టరుని ఇద్దరు మోసుకుపోయారు. ఆయన ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

అక్షరాలన్నయ్య ఐసు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. "దెబ్బలు తిన్నది ఆయనైతే నీకేమైంది చెల్లెమ్మా?"

"కొట్టిన చెయ్యి నాదే కదా అన్నయ్యా. మనం దించినప్పుడల్లా అవతల ఎవరికో చెయ్యి ఇలాగే కాలుంటుంది."

"అలాగని మనకెవరూ చెప్పలేదే?"

"మనం ఎవరినైనా అడిగామా?"

ఎడం చేత్తో గొడుగుల బొమ్మ కోసం వెతికింది. ఆ ఆర్టిస్టు పేజీలో దాని తర్వాత పెట్టిన బొమ్మ ఒక్కటీ లేదు. అడుగున ఫోన్ నంబరు మాత్రం ఉంది. కలిపి, కుడి చెవికి ఆనించుకుంది. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"గొడుగుల బొమ్మ వేసింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా. ఇప్పుడేమీ వెయ్యట్లేదు. ఓ రోజు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండగా కుడిచెయ్యి భగ్గుమంది. ఆగలేదు, మళ్లీ మళ్లీ మండింది. అప్పటి నుంచి వేళ్లు ముడుచుకోవు. ఏ డాక్టరుకీ అంతుపట్టలేదు. ఇంతకీ నువ్వెవరమ్మా?"

ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. వినబడలేదని ఫోన్ పెట్టేసినా అడిగేవాళ్లు లేరు.

"ఆ దెబ్బలు తగిలింది నాకేనండీ," అంది బుగ్గలమ్మాయి. "మీ బొమ్మ దించింది నేనే."

తిడుతుందనుకుని ఆమె కళ్లు మూసుకుంది.

"గట్టిగా తగిలిందా అమ్మా?" అని అడిగింది పెద్దావిడ.