దీవెన ఆమెన్ అంది

ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన పథకాలు పనిచేస్తున్నాయో లేదో తేల్చడం బహ్రెయిన్ రాజధాని మనామాలో దీవెన చేసే ఉద్యోగం. పథకాలకేం, బాగానే ఉన్నాయి. పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉంది, శిక్షణ ఉంది, ఇంటి నుంచి పనిచేసే వీలుంది. అయినా కొందరు మానేస్తున్నారు. ఎందుకని ఫోన్ చేసి అడిగితే, "ఇంట్లో అనుకున్నాం" అంటారు. ఎవరనుకున్నారో చెప్పరు. దీవెన "కుటుంబ కారణాలు" అన్నచోట టిక్కు పెట్టి ఇంకొకరికి ఫోన్ చేస్తుంది. మొదట్లో బాధేసేది. ఇప్పుడు చెవి మాత్రం నొప్పెడుతుంది.

ఆ పనికి ఆమెనే టీమ్ లీడర్‌ని చేస్తామన్నారు. ఆరింటిదాకా ఉండాలి. ఇప్పుడైతే నాలుగింటికే బయటపడి, కూతుర్ని క్రెష్ నుంచి తెచ్చుకుంటోంది. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి ఆదివారం చెప్పమంది మేనేజరమ్మ.

భర్త థామస్ది విశాల హృదయం. "మా ఆవిణ్ణి నేనే ఉద్యోగం చెయ్యనిస్తున్నానండి" అని లిఫ్టులో కలిసినవాళ్ళకి కూడా చెప్తాడు. లీడర్ సంగతి విని, "దేవుని చిత్తం కనుక్కుందాం" అన్నాడు.

శుక్రవారం బుసైతీన్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లోనే తెలుగు క్రైస్తవుల సహవాసం. ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడు థామస్ లేచాడు.

"వందనాలు అయ్యగారూ. మా ఆవిడ మీద ఆఫీసులో కొత్త భారం మోపుతున్నారండి. తప్పిపోయేలా ప్రార్థించండి."

పాస్టర్ యెహోషువ కళ్ళు మూసుకున్నాడు. "ఈ సహోదరిని ఆ భారం నుండి విడిపించు తండ్రీ!"

వంటింటి గుమ్మంలో ముసుగేసుకుని నిలబడ్డ దీవెన, కూరలో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తోంది. అందరూ "ఆమెన్" అన్నారు. చిన్నప్పట్నుంచీ అలవాటైన నోరు. ఆమె కూడా అంది, కాస్త గట్టిగా.

భోజనాల దగ్గర థామస్ మొహం వెలిగిపోతోంది. "నువ్వే ఆమెన్ అన్నావుగా!"

"నేను ఉప్పు గురించి ఆలోచిస్తున్నానండి."

"దేవుడి దగ్గర ఉప్పూ కారం చెల్లవు."

"ఆరింటిదాకా అంటే మీ ఆయనకి టీ ఎవరిస్తారమ్మా?" అంది పక్క ఫ్లాట్ లూర్దుమేరి.

"ఆయనకీ చేతులున్నాయి కదాంటీ."

"ఉన్నాయి. ప్రార్థనలో ఎత్తడానికి."

ఆదివారం దీవెన వద్దని చెప్పడానికే మేనేజరమ్మ గదిలోకి వెళ్ళింది. ఆవిడ తలెత్తకుండానే, "చేస్తావా?" అంది.

"చేస్తానండి."

ఎవరో అన్నట్టు వినపడింది. సంతోషం వస్తుందేమోనని దీవెన కాసేపు నిలబడి చూసింది. రాలేదు. వెళ్ళి సీట్లో కూర్చుంది.

సాయంత్రం థామస్ సోఫాలోంచే అడిగాడు. "చెప్పేశావా?"

"చెప్పానండి. లీడర్ నేనే."

"మరి మన ప్రార్థన?"

"జవాబొచ్చింది. కుదరదన్నారు."

థామస్ విశ్వాసి మరి. ఆపైన అప్పీలుకి వెళ్ళే చోటు లేదు. సోఫాలో సర్దుకు కూర్చున్నాడు.

"రేపట్నుంచి పిల్లని క్రెష్ నుంచి ఎవరు తెస్తారు? దాన్నీ ఒక అంశంగా పెడదామా?"

"పెట్టండి," అంది దీవెన, కారు తాళాలు అతని ఒళ్ళో పడేసి. "వాళ్ళు అయిదింటికి మూసేస్తారు."