అక్కాచెల్లెళ్ల నడుమ దారి

శనివారం పొద్దున, దీవికొచ్చేవాళ్లకు జంతువుల్నీ పక్షుల్నీ తిప్పి చూపించే మార్సలీ ఎప్పటిలాగే వ్యాను అద్దాల మీది ఉప్పు తుడిచి, ఫ్లాస్కుల్లో టీ పోసి, ఓట్స్ రొట్టెలకు వెన్న రాసి, రేవు దగ్గర అతిథుల కోసం నిలబడింది. ఆ వేళ వచ్చింది ఇద్దరే. గ్లాస్గోలో బస్సు నడిపి రిటైరైన వాలీ, అతని భార్య ఇసా.

"నీటికుక్కని చూడందే ఈయన ఇంటికి రాడట. చూపించకు తల్లీ, నాకు కాస్త విశ్రాంతి," అంది ఇసా.

మార్సలీ చూపించింది. నాచు పట్టిన రాళ్ల చాటున, గాలికి ఎదురుగా ఇద్దరినీ బోర్లా పడుకోబెట్టింది. నీటికుక్క వాళ్ల ముందే పీతను కరకర నమిలి వెళ్లింది. మధ్యాహ్నం కొండ అంచున తెల్లతోక గద్ద కనబడింది. ఇక మిగిలింది సీళ్లు, సముద్రపు రాళ్ల మీద పడుకునే మీసాల జంతువులు. వాటికి పడవ కావాలి. పడవ ఆమె బాబాయ్ టార్క్విల్‌ది.

బాబాయ్‌తో ఆమెకు నెల నుంచి మాటలు అంతంతమాత్రం.

ఆ దీవి చర్చిలో వాద్యాలుండవు. ముందు కుర్చీలో కూర్చున్న మనిషి కీర్తన చరణం ఎత్తుకుంటే జనం అందుకుంటారు. మార్సలీ తండ్రి రూరీ ఎత్తుకున్నన్నాళ్లూ, జనం తర్వాత, బయట రాళ్ల మీది సీళ్లు కూడా ఒక చరణం వెనకగా అందుకునేవి. అందుకే కిటికీలు కాస్త తెరిచి ఉంచేవారు. రూరీ పోయాక ఆ కుర్చీ తమ్ముడు టార్క్విల్‌కు వచ్చింది. సీళ్లు నోరు విప్పలేదు. చలి ఎక్కువైందంటూ జనం కిటికీలు మూశారు.

"నేను ఎత్తుకోనా బాబాయ్?" అని మార్సలీ అడిగింది.

"ఆ కుర్చీలో ఆడది కూర్చుంటే నేను చర్చి గడప తొక్కను," అన్నాడు టార్క్విల్. ఆయన సంఘపెద్ద కూడా.

సీళ్లుండే రాతితిప్పలు రెండు. పెద్దదాన్ని అక్క అంటారు, దాని మీద ముసలి మగ సీళ్లుంటాయి. చిన్నది చెల్లెలు, అక్కడ తల్లులూ పిల్లలూ. రెండింటి నడుమ పడవ పట్టేంత నీటిదారి. టార్క్విల్ పడవలో నలుగురూ ఆ దారినే అవతలి వైపుకు వెళ్లి సీళ్లను కడుపునిండా చూసి, ఇంటికి మళ్లేసరికి పొగమంచు కమ్మింది. పడవ ముందు భాగం కూడా కనబడటం లేదు. దారి చూపే తెర ఉప్పునీళ్లకు పాడై చాలా కాలమైంది. ఈ రాళ్లు నాకు తెలియనివా అని టార్క్విల్ బాగు చేయించలేదు.

ఆయన ఇంజన్ ఆపాడు. ఎక్కడో అలలు రాళ్లకు కొట్టుకుంటున్న చప్పుడు. ఏ పక్కో తెలియదు. పోటు మాత్రం పడవను అటే లాగుతోంది.

"లంగరు వెయ్యకూడదా?" అన్నాడు వాలీ.

"అందదు. లోతు."

"బస్సయితే దిగి నడిచేవాళ్లం," అంది ఇసా. మొగుడి చెయ్యి మాత్రం వదల్లేదు.

టార్క్విల్ టోపీ తీసి, గొంతు సవరించుకుని, కీర్తన ఎత్తుకున్నాడు. చరణం పొగమంచులోకి పోయింది. సీళ్ల నుంచి జవాబు లేదు. మళ్లీ ఎత్తుకున్నాడు. రాళ్ల చప్పుడు దగ్గరైంది.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా. "నువ్వు ఎత్తుకో."

"ఆడదాన్ని కదా బాబాయ్."

"తర్వాత తిడుదువుగాని. ముందు ఎత్తుకోవే తల్లీ!"

మార్సలీ కళ్లు మూసుకుని నాన్న పాడే కీర్తన ఎత్తుకుంది. మొదటి చరణం వణికింది. రెండోది నిలబడింది. అది పూర్తవుతుండగా ఎడమనుంచి బొంగురు గొంతులు మొదటి చరణాన్ని అందుకున్నాయి. వాటి వెంటే కుడినుంచి సన్నని గొంతులు.

"అక్క ఎడమన, చెల్లెలు కుడిన!" అన్నాడు టార్క్విల్. క్షణంసేపు ఇంజన్ నడిపి, ఆపి, విన్నాడు. బొంగురు గొంతులు మరీ దగ్గరైతే కుడికి తిప్పాడు. సన్నవి దగ్గరైతే ఎడమకు. మార్సలీ ఆపకుండా చరణం మీద చరణం ఎత్తుకుంటూనే ఉంది. ఒకసారి పడవ అడుగు రాతిని గీసింది. ఇసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత రెండు రకాల గొంతులూ మెల్లగా వెనకపడ్డాయి. ఎదురుగా రేవు దీపం మసగ్గా కనబడింది.

"టికెట్టులో పాట కూడా కలిసే ఉందా తల్లీ?" అంది ఇసా, గట్టు మీద కాలు పెట్టి. అప్పుడు ఏడ్చింది.

టార్క్విల్ తాడు కట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదివారం జనం వచ్చేసరికి చర్చి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ముందు కుర్చీ ఖాళీ. పాదిరిగారు ఏ కీర్తన పాడాలో చెప్పి, మార్సలీ వైపు చూసి ఆగారు. ఆమె లేచి వెళ్లి కూర్చుంది. సంఘపెద్దలు తమ పుస్తకాల్లోకి చూసుకున్నారు.

ఆమె ఎత్తుకుంది. జనం అందుకున్నారు. ఒక చరణం వెనకగా, బయటినుంచి సీళ్లు అందుకున్నాయి.

టార్క్విల్ ఆడిన మాట తప్పే మనిషి కాదు. గడప తొక్కలేదు. వానలో, కిటికీ కింద రాతిగోడ మీద కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, సీళ్లతో పాటు ఒక చరణం వెనకగా పాడుతున్నాడు.