చెవులాయన గదిలో రాలిన చప్పుళ్ళు

సాయంత్రం పని దిగే వేళకి చీపురు పెద్దమ్మ పరీక్ష గది గుమ్మంలో నిలబడి లోపలికి ఒకసారి తొంగి చూసేది. "ఇవాళ ఇనప బిళ్ళలు వాయించినట్టున్నాడు, నా పాదాలకి మళ్ళీ చిల్లులే" అని సణుక్కుని, చెప్పులు విడవకుండానే ఊడవడం మొదలుపెట్టేది.

అది గిటారు తీగల్ని మీటే బిళ్ళలు తయారుచేసే కార్ఖానా. అందరూ వాటిని పిక్కులనే అంటారు. ముందు గదిలో పలకల్ని కోస్తారు, మధ్య గదిలో అంచులు అరగదీస్తారు, చివరి గదిలో కరెంటు గిటారు మీద వాయించి చూస్తారు. అలా వాయించిన చప్పుడు కాసేపు గదిలో తిరిగి, అలిసిపోయి, నేల మీద రాలుతుంది. రాలినదాన్ని ఎవరో ఒకరు ఊడవాలి కదా, ఆ పని పెద్దమ్మది. సన్నటి పిక్కు చప్పుడు ఉల్లిపొరలా పల్చగా రాలుతుంది. మందంగా ఉండి అంచు గుండ్రంగా అరిగిన పిక్కుదైతే గులకరాళ్ళే, చేటలోకి ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఇనప పిక్కుది సూదిముక్కలు. ఉన్ని పిక్కులు పరీక్షించిన రోజున మాత్రం పెద్దమ్మ ఎవర్నీ తిట్టకుండా ఇంటికెళ్ళేది.

పరీక్ష చేసేది చెవులాయన. ఆయనకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఏళ్ళ తరబడి అదే గిటారు, అదే స్పీకరు పెట్టె, దాని మీద మీటలు కూడా ఎప్పుడూ ఒకే చోట తిప్పి ఉంటాయి. ఒకే చిన్న వరసని ప్రతి సరుకు నమూనా పిక్కుతోనూ వాయించి, ఇది ఖంగుమంటోంది అనో, ఇది గుమ్ముగా ఉంది అనో ఒక్క మాట చెప్తాడు. ఆ మాటే పొట్లం మీద అచ్చవుతుంది. యజమాని తన పెళ్ళాం మాటైనా ఇంకొకర్ని అడిగి నమ్ముతాడు గానీ, చెవులాయన మాటకి తిరుగులేదు.

చెవులాయన భార్య మధ్య గదిలో పనిచేసేది. తిరిగే గుడ్డచక్రానికి పిక్కు అంచు ఆనించి అరగదీయడం ఆవిడ పని. అంచు పదునుగా వదిలేస్తే తీగ ఖంగుమంటుంది, కాస్త గుండ్రం చేస్తే ఆ ఖంగు తగ్గి గొంతు గుమ్ముగా, నిండుగా వస్తుంది. ఆవిడ అరగదీస్తుంది, ఆయన వింటాడు, ఎంత చక్కటి జోడీయో అని కార్ఖానాలో అందరూ అనుకునేవారు. ఊరికే అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు. పొద్దున్న ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు. సాయంత్రం ఒకే బస్సులో వెళ్ళేవారు. మధ్యలో మాటలుండేవి కావు.

మొదట్లో ఆవిడ వంటింట్లోంచి పిలిచేది. "ఏమండీ, తలుపు దగ్గర ఎవరో ఉన్నారు చూడండి." ఆయన కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చునే ఉండేవాడు. మళ్ళీ పిలిచేది, విసుక్కునేది, చెయ్యి కడుక్కుని తనే వెళ్ళి తలుపు తీసేది. ఎన్నాళ్ళని గోడకి చెప్పుకుంటుంది? ఈ మనిషికి నా మాటే చేదయిపోయింది అనుకుంది. రోజంతా నిలబడి పనిచేసి వచ్చి, మళ్ళీ ఇంట్లో ఒంటరిదానిలా బతకాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. ఆవిడకి ఆ ఓపిక అయిపోయింది.

వేరే ఊళ్ళో బొత్తాలు చేసేచోట పనిచేసే వాళ్ళక్క రమ్మంది, అక్కడ ఒక మనిషి కావాలట. ఈ సరుకు పూర్తవగానే వచ్చేస్తానని ఆవిడ మాటిచ్చింది. ఆ సంగతి ఆయనకీ చెప్పింది. గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా, "నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా, ఇంక రాను" అంది. వెనక నించి ఒక్క మాట రాలేదు. వద్దనకపోయినా సరే, ఎందుకని అడగొచ్చు కదా. ఆ రాత్రి ఆవిడకి ఏడుపు కూడా రాలేదు, అంత అలసటగా అనిపించింది.

ఆవిడ వెళ్ళకముందే, అంతకుముందు దుకాణానికి పంపిన సరుకొకటి తిరిగొచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో చేసిన పిక్కులవి. పొట్లం మీద గుమ్ము రకం అని ఉంది, వాయిస్తే చెవులు చిల్లులు పడేలా ఖంగుమంటున్నాయని దుకాణంవాడు యజమాని మీద విరుచుకుపడ్డాడు. యజమాని తల పట్టుకుని మధ్య గదిలోకి వచ్చాడు. వెనకే చెవులాయన.

"ఆయన చెవి తప్పదమ్మా" అన్నాడు యజమాని. "ఆయన చూసిన నమూనా బాగానే ఉండుంటుంది. మిగతావాటికి నువ్వు అంచు సరిగ్గా తియ్యకుండా వదిలేశావు. అలిసిపోయావేమో, కాదన్ను. అదేదో ముందే చెప్తే ఇంకొకర్ని పెట్టుకునేవాణ్ణి."

"నమూనా ఎలా ఉందో అచ్చం అలాగే తీశాను" అందావిడ.

చెవులాయన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. తన తరఫున ఒక్క మాట పడేస్తాడేమోనని ఆవిడ చూసింది. ఆయన వెనక్కి తిరిగి పరీక్ష గది వైపు నడిచాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. వెళ్ళిపోయేదాన్ని ఎలాగూ వెళ్ళిపోతాను గానీ, పనిదొంగ అన్న పేరు మోసుకుని వెళ్ళను అనుకుంది. తిరిగొచ్చిన పిక్కులు గుప్పెడు తీసుకుని, ఆయన వెనకే పరీక్ష గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

ఎదురుగా నిలబడి, "వాయించండి" అంటూ ఒక పిక్కు చేతిలో పెట్టింది.

ఆయన వాయించాడు. ఉల్లిపొరలు రాలాయి. వానలు వెలిసి ఎండ కాస్తున్న రోజులు, నేల పొడిగా ఉంది. ఆయన తల వంచి చూసి, "ఖంగుమంటోంది" అన్నాడు.

"మరి ఆవేళ గుమ్మన్నారేం?"

ఆయన ఆ పిక్కుని పక్కన పెట్టాడు. తలుపు మూసిన గది, ఉక్కగా ఉంది. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుని, గోడ పక్కనున్న ఫాను వేసి, ఇంకో పిక్కు ఇచ్చింది. ఆయన మళ్ళీ అదే వరస వాయించాడు. రాలిన పొరలు రాలినట్టే ఎగిరి బీరువా కిందకి కొట్టుకుపోయాయి. ఆయన నేలకేసి చూశాడు. అటూ ఇటూ వెతికాడు.

"చెప్పండి, ఎలా ఉంది?"

"ఆ ఫాను ఆపు."

"ఫానుకీ మీ చెవులకీ ఏం సంబంధం?"

ఆయన పిక్కుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. ఆ మొహంలో భయం చూశాక ఆవిడకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెళ్ళి ఫాను ఆపింది.

"నేల చూసి చెప్తున్నారా?" అంది, ఆయన కళ్ళలోకి చూస్తూ.

ఆయన తలూపాడు. "ముసురు రోజుల్లో గది చెమ్మెక్కింది. పొరలన్నీ తడిసి ఉండకట్టాయి. ఉండలుగా, గులకరాళ్ళలా ఉన్నాయి కదాని గుమ్ము అనేశాను. యజమాని నిన్నంటుంటే చెప్దామనుకున్నా. నోరు రాలేదు."

"ఎప్పట్నించి ఇలా?"

"ముందు పైస్థాయి సన్న చప్పుళ్ళు పోయాయి. పిట్టలు పోయాయి, తలుపు గంట పోయింది. సన్న పిక్కు, మందం పిక్కు ఒకటే అయిపోయాయి." కాస్త ఆగాడు. "తర్వాత నువ్వు."

"నేనేంటి?"

"నువ్వు మాట్లాడ్డం మానేశావు."

ఆవిడది సన్న గొంతు. ఎవరైనా కాస్త ఎడంగా ఉంటే రెండుసార్లు చెప్పాల్సి వచ్చే గొంతు.

"నా మీద ఏదో కోపం వచ్చిందనుకున్నా" అన్నాడాయన. "ఏం చేశానో అడిగితే ఇంకా పెద్దదవుతుందేమోనని, నీ అంతట నువ్వే మాట్లాడతావులే అని చూస్తున్నా."

"రోజూ పిలిచానండీ నేను. రోజూ." ఆవిడ కుర్చీ కోసం చూసింది. ఆ గదిలో ఉన్నది ఆయన కూర్చున్న ఒక్కటే. నేల మీదే కూలబడింది. "అక్క దగ్గరికి వెళ్ళిపోతానని కూడా చెప్పాను."

ఆయన ఆవిడ పెదాల వంకే చూస్తున్నాడు. "ఎప్పుడు చెప్పావు?" అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, పొరలు అంటిన చీర దులుపుకుని లేచింది. ఆయన్ని వెంటబెట్టుకుని యజమాని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"తప్పు నా చేతిది కాదండీ, ఈయన చెవిది" అంది. "చెవికి సన్న చప్పుళ్ళు అందడం లేదు. నేల మీద రాలినవి చూసి చెప్తున్నారు. రేపట్నించి ఈయన వాయిస్తారు, నేను విని చెప్తాను. నా బల్ల దగ్గర ఇంకొకర్ని పెట్టుకోండి, పని నేర్పిస్తాను."

యజమాని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఈ కార్ఖానా ఆయన చెవుల మీద నడుస్తోందమ్మా."

"లేదండీ. కొన్నాళ్ళుగా నేల మీదే నడుస్తోంది."

యజమానికి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. పొద్దుట్నించీ దుకాణంవాడి చేత తిట్లు తిని ఉన్నాడు. "పొడి రోజుల్లో ఒక్కటీ తిరిగి రాలేదులే" అన్నాడు చివరికి. "ఎవరు విన్నా నాకొకటే. మీ ఇద్దర్లో ఎవరో ఒకరు సరిగ్గా చెప్పండి, అంతే." ఇంకో కుర్చీ కావాలంటే గోదాములోంచి తెచ్చుకోమన్నాడు.

ఇద్దరూ మధ్య గదిలోంచి వెనక్కి వస్తున్నారు. గుడ్డచక్రాలన్నీ తిరుగుతున్నాయి, పక్కవాడి మాట పక్కవాడికి వినపడని రొద. ఆవిడ ఆగి, ఆయనకి ఎదురుగా తిరిగింది. గొంతు పెంచలేదు. ఎప్పుడూ మాట్లాడేటంత మెల్లగానే అడిగింది. చుట్టూ ఉన్న మంచి చెవులవాళ్ళెవరికీ ఆ మాట అందలేదు.

"అక్క రమ్మంటోంది. వెళ్ళనా?"

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. చక్రాల రొద ఎంతుందో, తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలీదు.

"వద్దు" అన్నాడు.

గది గదంతా తల తిప్పి చూసింది. ఎవరో చక్రం కూడా ఆపారు. ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చి, తల దించుకోబోయి, ఆగింది. మొహం ఆయన వైపే పెట్టి, "మెల్లగా అనండి" అంది.

ఆయన మళ్ళీ మెల్లగా అన్నాడు.