మడవని ఫారాలు

ఆ రోజు లాలాగూడలో కమలాబాయి ఇంట్లో ఐదుగురున్నారు. గోడకు చేరబడి కమలాబాయి. ఆమెకెదురుగా, గాజులు మోచేతి దాకా తోసుకున్న జగదాంబ. కిటికీ పక్కన ప్రేమమణి. గడప మీద ప్రేమమణి అన్న నోవహు, రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వంటింటి తలుపుకు ఆనుకుని, కమలాబాయి అక్క కూతురు హిమజ. పదిహేడేళ్ళది. ఊళ్ళో పది పాసై, ఇంటర్ కోసం చిన్నమ్మ ఇంటికొచ్చింది. అడిగితే తప్ప నోరు విప్పదు. అందరి మధ్యా సిరా వాసన పోని ఫారాల కట్టలు.

పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని ఫారం అంటారు. వరస తప్పకుండా దాన్ని మడిచేది ఈ ఆడవాళ్ళే. లాలాగూడ, మల్కాజ్‌గిరి, కాప్రా ఇళ్ళల్లో మడత పడకుండా, సికిందరాబాద్ పబ్లిషర్ సత్యదేవ్ వేసే పుస్తకం ఒక్కటీ బయటికి రాదు. మడిచేవాళ్ళలో చదవొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని మొదట మడిచిన ఫారం హిమజ చేతికిస్తారు. ఆమె చదువుతుంది, వాళ్ళు వింటూ మడుస్తారు.

“జెర గట్టిగ సదువు బిడ్డా, ఈడిదాంక వస్తలేదు,” అన్నది ప్రేమమణి.

హిమజ ఒక వాక్యం చదివింది. రెండోది చదివి ఆగింది. మూడోది కాగితం చూడకుండా చెప్పింది.

“నీకెట్ల ఎరుకనే?” కమలాబాయి చేతులు ఆగాయి.

“ఇది నేను రాసిందే, చిన్నమ్మా.”

పుస్తకం మొదటి పేజీలో పేరు మాత్రం ఒక బిల్డరు కూతురిది.

అప్పుడు చెప్పింది హిమజ, ఏడాదిగా దాచుకున్నది. కొత్త రచయితలకు అవకాశమని కాలేజీ గోడ మీద కాగితం అంటిస్తే, రెండు నోటుబుక్కులు పట్టుకుని సత్యదేవ్ ఆఫీసుకు వెళ్ళింది. అగ్రిమెంటంతా ఇంగ్లీషు. అందులో ఆమెకు తెలిసిన మాట ఒక్కటే కనపడింది, తన పేరు. టైపు అక్షరాల్లో తన పేరు చూసుకోవడం అదే మొదటిసారి. దాన్నే పదిసార్లు చదువుకుని సంతకం పెట్టింది. మైనరు కాబట్టి, ఊరి నుంచి నాన్నను పిలిపించి కింద వేలిముద్ర వేయించింది. ఆ తరువాత తెలిసింది, ఐదేళ్ళు ఏం రాసినా ఆయనదేనట. నోటుబుక్కులు తిరిగి రాలేదు. అప్పట్నుంచి కథ రాయలేదు. డైరీలో ఒక్కటే మాట రాసుకునేది: ఇవ్వాళ కూడా ఏమీ రాయలేదు.

“నాకు చెప్పకపోతివి గదనే!” కమలాబాయి ఫారం విసిరికొట్టింది.

“మీ గురించే రాసిన, చిన్నమ్మా. ఏమంటరో అని భయమైంది.”

“మా గురించా? నేనున్నానేవిటే అందులో?” అంది జగదాంబ.

“ఉన్నరు అత్తా. ‘గాజులు తోసుకునే లావుపాటి ఆవిడ’ అని.”

“లావని రాశావా!”

“నేను రాయలే! వాళ్ళు కలిపిన్రు.”

నోవహు పగలబడి నవ్వాడు. “ఒక్క నిజమన్న కలిపిండు పో!”

“నీ మొహం! చదువు పిల్లా, ఇంకేం కలిపాడో చూద్దాం.”

హిమజ చదివింది. “‘కిటికీ పక్కన కూర్చునే ఆమె ఎడమచేతి చిటికెన వేలు చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిపోయింది.’”

నవ్వు ఆగిపోయింది. ప్రేమమణి తన ఎడమచేతిని అందరి ముందు చాచింది. నాలుగే వేళ్ళు.

“కొడవలా? నా బతుకుల కొడవలి పట్టలే నేను. గీ సత్యదేవ్ కటింగ్ మిషన్ల తెగింది. పని జల్దీ అయితదని చేతులకు అడ్డముండే పట్టీ తీసేయించింది వాడే.”

“నేను అట్లనే రాసిన అత్తా. మిషన్ అనే రాసిన.”

“పిల్ల పేరు గుంజుకున్నడు. నా చెల్లె ఏలు సుత గుంజుకున్నడు, రెండుసార్లు,” అన్నాడు నోవహు. “ఇగ మడవండి. మంచిగ, నున్నగ మడవండి.”

“మానేస్తే రేపు పొయ్యి మీదకేం పెట్టను?” జగదాంబ గొంతు లేచింది. “వాడికేం పోయింది, కట్టలు కాప్రా పంపేస్తాడు.”

“వాని ఆటో కంటె ముందు మనం పోవాలె,” అన్నది కమలాబాయి.

“పోయి?”

“ఇదే సదవాలె.”

అందరూ హిమజ వైపు చూశారు. ఆమె నేల చూసింది. జగదాంబ గాజులు ముంజేతికి దించుకుంది. “పదవే. నేను తోడొస్తా.”

మల్కాజ్‌గిరిలో మొదటి ఇంట్లో హిమజ ఫారం పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయింది. మడిచే ఆడవాళ్ళు ఎనిమిదిమంది ఎదురుచూస్తున్నారు. వెంట వచ్చిన ప్రేమమణి చెయ్యెత్తి పట్టుకుంది. ఆ చేతిని చూస్తూ హిమజ అచ్చులో ఉన్నది చదివింది. తరువాత తాను రాసింది చెప్పింది. రెండూ విన్న ఒకావిడ లేచి, తన కట్టను మంచం కిందికి తోసేసింది. “నా మరదలుకు సుత గదే మిషన్ల గాయమైంది. ఇగ వాని తాత వచ్చినా మడవ.”

మూడో ఇంటికి హిమజ గొంతు వీధిలోకి వినపడింది. శుక్రవారానికి మూడు పేటల్లోనూ మడత ఆగింది. ఆదివారమే ఆ పుస్తకం ఆవిష్కరణ సభ.

శనివారం సికిందరాబాద్‌లో సత్యదేవ్ ఆఫీసు మెట్ల నిండా ఆడవాళ్ళు. వెనక హిమజ కాలేజీ పిల్లలు. పైమెట్టు మీద, తలుపు ముందు, హిమజ.

సత్యదేవ్ తలుపు సగం తెరిచి నవ్వాడు. “చూడమ్మా, చిన్నపిల్లవి. నీకెందుకీ గుంపు? వచ్చే పుస్తకం నీ పేరుతోనే వేస్తాను, ఫోటోతో సహా. అగ్రిమెంటు ఇప్పుడే చింపేస్తాను. ఫారాలు మడవమని వీళ్ళకు ఒక్క మాట చెప్పు.”

అచ్చులో తన పేరు. దానికోసమే కదా ఆ రోజు సంతకం పెట్టింది. హిమజ వెనక్కి తిరిగి చూసింది. మెట్ల పిట్టగోడ మీద ప్రేమమణి చెయ్యి ఉంది.

“ఆ కొడవలి తీసెయ్యండి సార్.”

“అచ్చయిపోయాక ఎలా తీస్తారమ్మా?”

“మల్ల అచ్చెయ్యండి. మిషన్ అని. నా పేరుతోని.”

నవ్వు పోయింది. “ఐదేళ్ళు నువ్వు పెన్ను పట్టలేవు, తెలుసా? పట్టినా ఈ ఊళ్ళో నీ పుస్తకం ఎవడు వేస్తాడు?”

“పట్టిన సార్. మొన్ననే.” హిమజ సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీసింది. “మీరెయ్యకున్నా మంచిదే. ఇంటింటికి పోయి సదువుత.”

“జెర గట్టిగ, బిడ్డా!” కింది మెట్ల నుంచి ప్రేమమణి.

హిమజ నోటుబుక్కు తెరిచి గట్టిగా చదవడం షురూ చేసింది. “‘ఆ రోజు లాలాగూడలో కమలాబాయి ఇంట్లో ఐదుగురున్నారు...’”

సత్యదేవ్ ఆమె ముఖం మీదే తలుపు ధడేలున వేశాడు. మడవని ఫారాలన్నీ ఇవతలే, ఈ ఆడవాళ్ళ ఇళ్ళల్లోనే ఉన్నాయి.